రుమాలు వేసి సీటు ఆపుకొను విధానం

పెళ్ళయిన కొత్తలో మొగుడూ పెళ్ళాలకు ఏకాంతం ఎక్కడ దొరుకుతుందని ఎవరైనా అడిగి ఉంటే, మధులత తడుముకోకుండా చెప్పేది. రాజమండ్రి కాంప్లెక్సులో పొద్దున్నే బయల్దేరే కాకినాడ బస్సులో, డ్రైవరు వెనక ఇద్దరు కూర్చునే సీట్లో.

ఇంట్లో దొరకదు. మూడు గదుల్లో అత్తగారు, మామగారు, పరీక్షలకు చదువుతున్న ఇద్దరు ఆడపడుచులు, మోకాలి నొప్పికి మందు పుచ్చుకోడానికి వచ్చి మందు అయిపోయినా వెళ్ళని పిన్నత్తగారు. వీళ్ళ గదికీ తాతయ్యగారి మంచానికీ మధ్య ఉన్నది గోడ కాదు, ప్లైవుడ్డు. లోపల గుసగుసలాడితే ఆయన దగ్గుతారు. ఊరుకుంటే, "ఏరా, పడుకున్నారా?" అని అడుగుతారు.

అందుకని ఆ సీటు. కడియం దాటేటప్పుడు నర్సరీల మీంచి వచ్చే తడిమట్టి వాసన, బిక్కవోలు దగ్గర ఎవరో ఎక్కించే జామకాయల గంప, గతుకు వచ్చినప్పుడల్లా భుజానికి భుజం తగలడం. ఇద్దరివీ కాకినాడలోనే ఉద్యోగాలు. దిగేసరికి మధులతకు ఆ రోజుకు కావలసిన సంసారసుఖం దాదాపు అందిపోయేది.

ఆ సీటు సంపాదించే పని ఆమె భర్తది. పుష్కరాల ఏడాది పుట్టాడని అతనికి పుష్కర్ అని పేరు పెట్టారు గానీ, అతని ప్రతాపమంతా బస్టాండులోనే. బస్సు ప్లాట్‌ఫారం మీదకు వచ్చీ రాకముందే పక్కనే పరిగెత్తి, కిటికీలోంచి తన పసుప్పచ్చ రుమాలూ, భార్య ఆకుపచ్చ రుమాలూ ఒకదాని పక్కన ఒకటి పడేలా విసిరేవాడు. తర్వాత తాపీగా ఎక్కేవారు.

ఇక్కడొక విశేషం చెప్పుకోవాలి. బస్సులో చెప్పులు ఎత్తుకుపోయే మనిషి కూడా రుమాలు ఉన్న సీట్లో కూర్చోడు. ఏ పుస్తకంలోనూ లేదు, ఎవరూ నేర్పలేదు. గుడ్డముక్క పడిందంటే సీటు వాళ్ళది, అంతే.

ఆ "ఏ పుస్తకంలోనూ లేదు" అన్నదే కొంప ముంచింది.

మధులత పనిచేసేది ప్రజారవాణా స్వచ్ఛంద ప్రమాణాల మండలిలో. పేరు పెద్దదే గానీ పని మంచిదే. బస్సులు నడిపేవాళ్ళు, బస్సులు కట్టేవాళ్ళు, వాటిలో తిరిగేవాళ్ళు ఒక బల్ల చుట్టూ కూర్చుని, ఫలానా వస్తువు ఇలా ఉంటే అందరికీ బావుంటుందని ఒప్పుకుంటారు. ఒప్పుకున్నది పుస్తకంగా అచ్చవుతుంది. పాటించమని ఎవరూ బలవంతపెట్టరు. ఫుట్‌బోర్డు ఎత్తు మీద వాళ్ళు వేసిన పుస్తకం వల్లే ఇప్పుడు ముసలమ్మలు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బస్సు ఎక్కుతున్నారు. అక్కడ ముసాయిదాలు రాసే ఉద్యోగం అంటే మధులతకు గర్వం కూడాను.

ఆ మండలి అధ్యక్షులు డాక్టర్ విఠలరావుగారు ఒకరోజు కారు షెడ్డుకు పోవడంతో బస్సెక్కారు. బస్సులో ఒక సీటు ఖాళీగా ఉంది. దాని మీద ఎవరిదో గళ్ళ తువ్వాలు ఉంది. ఆ తువ్వాలు తాలూకు మనిషి టీ తాగుతూ బస్సు తప్పిపోయాడో ఏమో, ఆఖరిదాకా రానే లేదు. విఠలరావుగారు కాకినాడ వరకూ నిలబడ్డారు. నిలబడ్డవాడికి కాళ్ళు నొప్పిపుడతాయి. ఆయనకు ఆలోచన పుట్టింది.

"సభ్యులారా!" అన్నారు ఆ వారం సమావేశంలో. "ముందస్తు రిజర్వేషన్ అనే మహత్తర వ్యవస్థను ప్రపంచానికి ప్రసాదించింది మనం. దీనికి కంప్యూటరు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, సర్వరు మొరాయించే ప్రసక్తే లేదు. కానీ, సభ్యులారా, దీనికి ప్రమాణం లేదు!"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఇంతకాలం ఈ దారుణాన్ని ఎలా భరించామా అన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఆయ్, మా వైపు నించి పూర్తి సహకారం అండి," అన్నాడు సూర్యచంద్రం. తువ్వాళ్ళు, రుమాళ్ళు నేసే కంపెనీల సంఘానికి అతను ప్రతినిధి. మండలికి ఏనాడూ రానివాడు ఆ రోజు ఎలా వచ్చాడో ఎవరూ అడగలేదు.

కామేశ్వరిగారు మాత్రం కళ్ళజోడు పైకి తోసుకున్నారు. ఆవిడ హిందీ టీచరుగా రిటైరయ్యారు, ప్రయాణికుల సంఘం తరపున వస్తారు. "రుమాలు వెయ్యడానిక్కూడా పుస్తకమా నాయనా?"

"స్వచ్ఛందమేనమ్మా," అన్నారు విఠలరావుగారు. "ఇష్టమున్నవాళ్ళు పాటిస్తారు, లేనివాళ్ళు మానేస్తారు."

"మరింతోటి దానికి ఇంతమందిమి కూచుని సమోసాలు తినడం ఎందుకూ?"

"ఏకాభిప్రాయ సాధన కోసం."

మండలిలో ఏ ఒక్కరు కాదన్నా ప్రమాణం ముందుకు సాగదు. ఆ కాదన్నవాళ్ళ అభ్యంతరం తీర్చాలి. అందువల్ల ఏకాభిప్రాయం అంటే, కాదన్నవాళ్ళకు అలుపొచ్చేదాకా మీటింగులు పెట్టడమని మధులత అనుభవం మీద తెలుసుకుంది.

మొదట రుమాలు అనగానేమి అన్న చోట బండి ఆగింది. గొడుగు రుమాలా? టిఫిను క్యారియరు రుమాలా? చెప్పు విసిరి సీటు ఆపేవాళ్ళ సంగతేమిటి? చర్చోపచర్చల తర్వాత మధులత రాసింది: "గొడుగు, క్యారియరు, పాదరక్ష, చంటిపిల్ల – ఇవి రుమాలుగా పరిగణింపబడవు."

"చంటిపిల్ల ఎందుకు కాకూడదమ్మా?" కామేశ్వరిగారు లేచారు. "మా పెద్దాణ్ణి కిటికీలోంచి అందించే కదా నేను అన్ని ఊళ్ళూ తిరిగాను! వాడు ఏడ్చిన ఏడుపుకి చుట్టుపక్కల నాలుగు సీట్లు కూడా మనవే."

దాంతో "సజీవ రుమాళ్ళు" అని ఒక అనుబంధం చేర్చారు.

తర్వాత బస్సు బాడీలు కట్టేవాళ్ళ తరపున పట్టాభి గొంతు సవరించుకున్నాడు. "మా ఏసీ బస్సుల కిటికీలు తెరుచుకోవండి. మరి వాటి సంగతి?"

"ప్రమాణం ఏ ఒక్క సాంకేతికతకూ పక్షపాతం చూపరాదు," అన్నారు అధ్యక్షులు. "ఏసీ ప్రయాణికుడికి రుమాలు విసిరే హక్కు లేదా? అద్దానికి రుమాలు ద్వారం పెట్టండి."

"చల్లగాలి పోతుందండీ."

"దానికి వేరే ప్రమాణం రాద్దాం."

ఇవన్నీ మధులత సరదాగానే టైపు చేసింది. భోజనాల వేళ ఫోన్లో పుష్కర్‌కు చదివి వినిపించి ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. కానీ మరుసటి సమావేశంలో విఠలరావుగారు చెప్పిన వాక్యానికి ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"ఒక వ్యక్తి ఒక రుమాలును మాత్రమే ప్రక్షేపించవలెను. పరుల నిమిత్తం ప్రక్షేపణ నిషిద్ధం."

డ్రైవరు వెనక సీటు, నర్సరీల వాసన, భుజానికి తగిలే భుజం, అన్నీ ఒక్క వాక్యంలో కొట్టుకుపోతున్నాయి. అదీ తన చేత్తో టైపు చేసిన వాక్యంలో.

"సార్... ఇద్దరు కలిసి ప్రయాణం చేస్తుంటేనో?"

"ఎవరి రుమాలు వారు వేసుకుంటారు."

"పక్కపక్కన పడకపోతేనో సార్?"

"ఇద్దరు అనగా ఎవరెవరు?"

"అంటే... ఉదాహరణకి... భార్యాభర్తలు," అని మధులత కీబోర్డుకేసి చూస్తూ చెప్పింది.

బల్ల చుట్టూ సమోసాలు నమలడం ఆగింది. కామేశ్వరిగారు ముందుకు వంగారు. "పెళ్ళెప్పుడయిందే అమ్మాయ్?"

"మొన్న మాఘంలోనండి."

"అయితే రాయవయ్యా విఠల్రావూ! మొగుడూ పెళ్ళాలకి మినహాయింపు ఇవ్వకపోతే నేను కాదంటాను."

మధులత కృతజ్ఞతగా ఆవిడ వంక చూసింది. ఆ సంతోషం సమోసా చల్లారేదాకా కూడా నిలవలేదు.

"మరి బావామరుదులో?" అన్నాడు సూర్యచంద్రం. "మా బావ లేకుండా నేను ఎక్కడికీ వెళ్ళనండి."

"వియ్యంకులు!" పట్టాభి బల్ల చరిచాడు. "వియ్యంకుణ్ణి నిలబెట్టి నేను కూచున్నానని తెలిస్తే మా ఆవిడ నన్ను గుమ్మం తొక్కనిస్తుందా?"

ఎవరెవరి కోసం ఎవరెవరు రుమాలు వేయవచ్చో తేల్చడానికి బంధుత్వ ఉపసంఘం వేశారు. ఆ ఉపసంఘం గోదావరికి అటూ ఇటూ తిరిగి, వంశవృక్షాలు పరిశీలించి, చివరికి నివేదిక ఇచ్చింది. ఈ జిల్లాల్లో ఏ ఇద్దరిని కూర్చోబెట్టి పావుగంట మాట్లాడించినా ఏదో ఒక వరస కలుస్తున్నదనీ, కనుక మినహాయింపు ఇస్తే అందరికీ ఇవ్వవలసి వస్తుందనీ, అందరికీ ఇస్తే అది మినహాయింపు కాదనీ తేల్చింది. కామేశ్వరిగారు కూడా ఉసూరుమని ఊరుకున్నారు. నిబంధన యథాతథంగా నిలిచింది.

ఆ సాయంత్రం పుష్కర్ ఈ కబురు విని ఏమాత్రం కంగారుపడలేదు. "అంతే కదా! నీ రుమాలు నువ్వే వెయ్యాలి. నేర్పిస్తాలే."

"నావల్ల కాదండీ. చిన్నప్పుడు తొక్కుడుబిళ్ళ ఆడితే బిళ్ళ పక్కింట్లో పడేది."

"పక్క సీట్లో పడితే చాలు మనకి."

ఇద్దరూ పెరట్లో నిలబడి వరండా కిటికీలోంచి రుమాలు విసిరే సాధన మొదలుపెట్టారు. మణికట్టు ఎలా తిప్పాలో చూపించడానికి అతను ఆమె చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. పాఠం సులువైనదే అయినా, ఇద్దరూ దాన్ని చాలా కష్టమైనదిగా భావించి మళ్ళీ మళ్ళీ చేశారు. ఒక రుమాలు పోయి పోయి, వాలుకుర్చీలో కునుకు తీస్తున్న తాతయ్యగారి బట్టతల మీద పడింది.

ఆయన కళ్ళు తెరిచారు. రుమాలు తీసి చూశారు. "ఒరే, నేనింకా దిగలేదర్రా! అప్పుడే సీటాపేస్తున్నారేంటి?"

ఇంతలో ముసాయిదాను ప్రజాభిప్రాయానికి పెట్టారు. ఎడమచేతివాటం వాళ్ళ గతేమిటని ఒకాయన అడిగాడు. "తమరి అభిప్రాయం సాదరంగా స్వీకరించబడినది. ఎడమచేతివారు బస్సుకు అవతలి వైపు నుండి విసరవలెను," అని జవాబు వెళ్ళింది. అవతలి వైపు నుంచి విసిరితే రోడ్డు మీద లారీలు గుద్దుతాయి కదా అని ఆయన మళ్ళీ రాశాడు. లారీలు తమ పరిధిలోకి రావని మండలి తెలియజేసింది.

చివరి సమావేశంలో సూర్యచంద్రం లేచాడు. "ఆయ్, ఒక్క చిన్న మాటండి. ఒకడు గళ్ళ తువ్వాలు, ఇంకోడు పువ్వుల జేబురుమాలు, వేరొకడు చిరిగిన లుంగీ ముక్క. చూడ్డానికి ఎలా ఉంటదండి? ప్రమాణం అన్నాక ఒకటే కొలత, ఒకటే బరువు, ఒకటే రంగు ఉండాలండి. ఆకాశనీలం అనుకోండి. మా దగ్గర సరుకు రెడీగా ఉందండి."

విఠలరావుగారి కళ్ళు చెమర్చాయి. "ఏకరూపత! ప్రమాణానికి ప్రాణం ఏకరూపత!"

ఎవరూ కాదనలేదు. ఆ వాక్యం టైపు చేస్తున్నప్పుడు మధులత ధ్యాసంతా మణికట్టు మీదే ఉంది. అందువల్ల ఆమె కూడా ఏమీ అనలేదు.

పుస్తకం అచ్చయింది. పది రోజులు తిరక్కుండా డిపోలో నోటీసు అంటించారు: "స్వచ్ఛంద ప్రమాణమును ప్రయాణికులందరూ స్వచ్ఛందముగా పాటించుట తప్పనిసరి."

"ఇదేంటి సార్?" అని మధులత పరుగున వెళ్ళింది. "మనం ఇష్టమున్నవాళ్ళే అన్నాం కదా!"

"మనం ఎవరినీ బలవంతపెట్టలేదే!" విఠలరావుగారు పుస్తకాన్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. "డిపోవారు మన ప్రమాణాన్ని చూసి ముచ్చటపడి, స్వచ్ఛందంగా బలవంతపెడుతున్నారు. ప్రమాణానికి ఇంతకన్నా గౌరవం ఏముంటుంది?"

ప్రారంభోత్సవానికి మధులత ఎక్కే పొద్దుటి బస్సునే ఎంచారు. కాంప్లెక్సులో మైకు పెట్టారు, బస్సుకు మామిడాకులు కట్టారు. ప్రయాణికులంతా చేతుల్లో ఆకాశనీలం రుమాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. విఠలరావుగారు పట్టుకుచ్చుల కత్తెరతో కిటికీకి కట్టిన రిబ్బను కత్తిరించి, తొలి రుమాలు విసిరారు. అది చువ్వకు తగిలి ఆయన భుజం మీదకే తిరిగొచ్చింది. చప్పట్లు మోగాయి.

ఈల ఊదారు. ఒక్కసారిగా నీలిరంగు పిట్టల గుంపు లేచినట్టు రుమాళ్ళన్నీ లేచాయి. మధులత కళ్ళు మూసుకుని, మణికట్టు తిప్పి, వదిలింది. కళ్ళు తెరిచేసరికి డ్రైవరు వెనక సీట్లో పుష్కర్ రుమాలు, దాని పక్కనే తనది.

"పడింది! పడిందండీ!" అని ఆమె అంతమందిలోనూ గెంతింది.

"చెప్పానా! నా శిష్యురాలివి," అన్నాడు పుష్కర్.

గెంతుకుంటూనే బస్సెక్కారు. ఎక్కి చూస్తే డ్రైవరు వెనక సీట్లో రెండు కాదు, ఆరు రుమాళ్ళున్నాయి. ఆరూ ఆకాశనీలమే. బస్సంతా ఆకాశనీలమే. కొన్ని సీట్ల మీద మూడేసి, నాలుగేసి, కొన్నిటి మీద ఒక్కోటి.

"ఇది నాదండి," అన్నాడు ఒకాయన.

"మీదని ఏంటి గుర్తు? నాదీ ఇలాగే ఉంది."

"అందరివీ ఇలాగే ఉన్నాయమ్మా. అదే కదా వచ్చిన గొడవ!"

"పొద్దున్న మా ఆవిడ దీనికి సెంటు కొట్టింది, వాసన చూడండి."

"మీ ఆవిడ సెంటు నేనెందుకు చూస్తానండి!"

కండక్టరు నాగరత్నం టిక్కెట్ల మిషన్ మెళ్ళో వేసుకుని లోపలికి వచ్చింది. "ఏవండీ అధ్యక్షులు గారూ, ఇలాంటప్పుడు ఏం చెయ్యాలని ఉందండి మీ పుస్తకంలో?"

విఠలరావుగారు సంతోషంగా పేజీ తీశారు. "సంశయము తలెత్తినచో, వివాద పరిష్కార ఉపసంఘము తీర్పు వెలువడు పర్యంతము, సదరు ఆసనమును యథాతథ స్థితిలో ఉంచవలెను."

"అంటే ఎవరూ కూర్చోకూడదనాండి?"

"అంతే."

"ఉపసంఘం ఎప్పుడు కూర్చుంటుందండి?"

"వచ్చే మూడు నెలల్లో."

"పోన్లెండి," అన్నాడు వెనక నుంచి ఎవరో. "వాళ్ళకన్నా కూచోడానికి సీట్లున్నాయి."

బస్సు కదిలింది. సీట్లన్నింటిలోనూ రుమాళ్ళు దర్జాగా కూర్చున్నాయి. మనుషులు కిక్కిరిసి నిలబడ్డారు. వేమగిరి దగ్గర ఎక్కిన కొబ్బరికాయల వ్యాపారి గుమ్మంలోనే నోరు తెరిచాడు. "ఇదేంటండీ, సీట్లన్నీ ఖాళీగా పెట్టుకుని నించున్నారు? ఏదైనా మొక్కాండి?"

"మొక్కు కాదు, ప్రమాణం," అన్నారు విఠలరావుగారు, ఎవరిదో మోచెయ్యి తప్పించుకుంటూ.

మధులతకు ఏడుపొచ్చింది. సీటు కళ్ళెదురుగా ఉంది. పక్కపక్కన పడ్డ రుమాళ్ళలో రెండు వాళ్ళవే, కూర్చోడానికి మాత్రం లేదు. ఇకనుంచి రోజూ ఇంతేనా? ఇంట్లో తాతయ్యగారి దగ్గు, బస్సులో రుమాళ్ళ కొలువు.

కడియం వచ్చింది. ప్రారంభోత్సవానికి వచ్చి అదే బస్సెక్కిన కామేశ్వరిగారికి మోకాళ్ళు మొరాయించాయి. ఆవిడ డ్రైవరు వెనక సీటు దగ్గరికి వచ్చి, ఆరు రుమాళ్ళనూ దండెం మీద బట్టలు తీసినట్టు తీసి, మడతపెట్టి, ఒళ్ళో వేసుకుని కూర్చున్నారు.

బస్సంతా కొయ్యబారిపోయింది. రుమాలు ఉన్న సీట్లో మనిషి కూర్చోవడం ఆ జిల్లాలో అదే మొదటిసారి.

"అమ్మా! ప్రమాణ ఉల్లంఘన!" విఠలరావుగారు కేకేశారు.

"స్వచ్ఛందం అన్నావు కదా నాయనా. నాకు ఇష్టం లేదు," అని ఆవిడ కిటికీ వైపు జరిగారు. "ఏమే అమ్మాయ్, ఇలా వచ్చి కూర్చో."

మధులత కదిలే లోపే కొబ్బరికాయల ఆయన కూర్చున్నాడు. ఆ వెంటనే బస్సంతా కూలబడింది. నీలిరంగు రుమాళ్ళతో చెమట తుడుచుకునేవాళ్ళు, విసురుకునేవాళ్ళు, పిల్లల ముక్కులు తుడిచేవాళ్ళు. ఒక్క నిమిషంలో నిలబడ్డవాళ్ళు ముగ్గురే మిగిలారు. మధులత, పుష్కర్, విఠలరావుగారు.

అందరూ ఒక్కసారిగా మీద పడడంతో మధులత తూలి పుష్కర్ గుండెల మీద వాలింది. పట్టుకోడానికి అతనికి ఒక చేతికే కమ్మీ అందింది. రెండో చెయ్యి ఆమె నడుం చుట్టూ వెయ్యక తప్పలేదు. తోపులాట అయిపోయింది, బస్సు మధ్యలో కావలసినంత చోటుంది, అయినా ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఎవరూ చూడలేదు. సీటు దొరికినవాడు నిలబడ్డవాడి వంక చూడడు, అది కూడా ఏ పుస్తకంలోనూ లేదు. కూర్చున్నప్పుడు తగిలేది భుజం ఒక్కటే. ఇన్నాళ్ళూ ఎంత నష్టపోయామో మధులతకు అప్పుడు తెలిసింది.

"ఇది వైఫల్యం కాదు," అన్నారు విఠలరావుగారు, తనలో తను. తర్వాత వీళ్ళిద్దరి వంక తేరిపార చూశారు. ఆ కళ్ళలో మెరుపు చూసి మధులత భయపడింది. "మధులతా! నిలబడి ప్రయాణించే ఇద్దరి మధ్య ఎంత దూరం ఉండవలెను? దీనికి ప్రమాణం ఉందా?"

"లేదు సార్."

"లేదు! ముసాయిదా మీరే రాయాలి. ఎంత దూరం పెడితే ఉభయులకూ సౌకర్యంగా ఉంటుందంటారు?"

ద్వారపూడి మలుపులో డ్రైవరు బ్రేకు వేశాడు. పుష్కర్ చొక్కా గుండీ ఆమె చెవికి తగిలింది.

"తొందరపడి రాసేది కాదు సార్," అంది మధులత, అక్కణ్ణుంచి తల ఎత్తకుండానే. "కొన్నాళ్ళు రోజూ కొలిచి చూడాలి."